తార్నాకలో తిమింగలం

హైదరాబాదులో సముద్రం గురించి పాఠం చెప్పడం చాలా సులువు. పిల్లలెవరూ సముద్రాన్ని చూసి ఉండరు. చూసిన ఒకరిద్దరూ గోవాలో హోటల్ కిటికీలోంచి చూసి ఉంటారు. కాబట్టి మనం ఏం చెప్పినా చెల్లుతుంది.

తార్నాకలో, విశ్వవిద్యాలయం క్యాంపస్ అంచున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో నేను రిటైరయ్యేదాకా మూడో తరగతికి చెప్పాను. ప్రొఫెసర్ల పిల్లలు, ఆఫీసు గుమాస్తాల పిల్లలు, హాస్టల్ మెస్సుల్లో వంట చేసేవాళ్ల పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడి అది. బయటి నుంచి ఎవరు వచ్చినా మా ప్రిన్సిపల్ మేడం ఈ మాట చెప్పి మురిసిపోయేవారు. ఒకే గదిలో ఎవరు ముందు బెంచీలో కూర్చుంటారు, ఎవరు వెనక బెంచీలో కూర్చుంటారు అని వచ్చినవాళ్లు అడిగేవారు కాదు, ఆవిడా చెప్పేవారు కాదు.

మొన్న మా అక్క మనవరాలు ఫోన్ చేసింది. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరింది. "అమ్మమ్మా, వచ్చేవారం ప్లాస్టిక్ పాఠం ఉంది. పిల్లలతో ఏం చార్టు వేయించను?" అని అడిగింది. చార్టు సంగతి నాకు తెలియదన్నాను. తెలిసింది ఇది. రాసి పంపుతున్నాను. ఈ ఉద్యోగంలోకి వస్తున్న మిగతావాళ్లూ చదువుకోవచ్చు. నా ప్రమోషన్ల గురించి, ఇంక్రిమెంట్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆ విషయాలు చెప్పేవాళ్లు ప్రతి స్టాఫ్ రూంలోనూ ఉంటారు, మీరు అడగకపోయినా చెబుతారు.

తాబేలు పాఠం

మాది బందరు. మా నాన్న అక్కడ మిషన్ స్కూల్లో పంతులు. చర్చి, బడి, సముద్రపు గాలి, ఎండుచేపల వాసన, వీటి మధ్య పెరిగి పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాను. అందుకని సముద్రం అన్న మాట పుస్తకంలో ఎక్కడ కనిపించినా ఆ పాఠం నాకే అప్పగించేవారు. "మీరు ఆ సైడు వాళ్లు కదా" అనేవారు, సముద్రం మా పెద్దల ఆస్తి అయినట్టు.

పాఠంలో ఒక తాబేలు ఉంటుంది. సముద్రంలో తేలుతున్న ప్లాస్టిక్ కవరును చూసి తినే వస్తువనుకుని మింగుతుంది. చచ్చిపోతుంది. కింద బొమ్మ. ఆ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తరగతిలో సగం మంది ఏడుస్తారు. ఏటా ఏడుస్తారు. కొత్త టీచర్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్లల్ని తాబేలు కోసం ఏడిపించడం ఏమంత పెద్ద విద్య కాదు. తనిఖీకి వచ్చిన అధికారి మాత్రం ఆ కన్నీళ్లు చూసి "ఎక్సలెంట్" అని రాసి వెళ్తాడు.

నేను చెప్పబోయే సంవత్సరం కూడా అందరూ ఏడ్చారు. వెనక బెంచీలో రేణుక ఒక్కతే ఏడవలేదు. వాళ్లమ్మ యాదమ్మ క్యాంపస్ లేడీస్ హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసేది. వాళ్ల ఇల్లు బడి వెనక గోడకు అవతల, మురుగునీళ్ల నాలా పక్కన ఉన్న బస్తీలో.

"టీచర్, సముద్రం హుస్సేన్‌సాగర్ అసొంటిదేనా?" అని ముందు అడిగింది.

"దానికన్నా చాలా పెద్దది."

"అయితే వాసన ఇంకా ఎక్కువొస్తది గద!"

అందరూ ముక్కులు మూసుకుని నవ్వారు. తాబేలును మరిచిపోయారు. నవ్వులు ఆగాక రేణుక మళ్లీ లేచింది.

"గా కవరు ఎవరిది టీచర్?"

"ఏ కవరు?"

"తాబేలు తిన్నది. అది ఎవరు పడేసిన్రు?"

పుస్తకంలో జవాబు ఉంది. చదివాను. "మానవుల నిర్లక్ష్యం వల్ల."

"మానవులంటే ఎవరు టీచర్?"

"మనమే. మనమందరం."

"మేం కూడనా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. తన మీద ఎవరో చాడీ చెప్పినట్టు చూసింది.

నేను ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు కూడా చెప్పేదాన్ని. పాపం గురించి చెప్పడం నాకు బాగా అలవాటు. కానీ అక్కడ కూడా పాపి అంటే ఫలానావాడు, ఫలానా పని చేశాడు అని ఉంటుంది. ఈ పాఠంలో తప్పు అందరిదీ అని చెప్పి ఎవరిదీ కాకుండా చేస్తారు. రేణుక ప్రశ్నకు ఆ రోజు బెల్లు జవాబు చెప్పింది. మా వృత్తిలో చాలా ప్రశ్నలకు బెల్లే జవాబు చెబుతుంది.

శిక్షణ పొందిన మేడం

మా ప్రిన్సిపల్ వసుంధర మేడం చెడ్డ మనిషి కాదు. పిల్లల్ని కొట్టనిచ్చేవారు కాదు, మధ్యాహ్న భోజనం తను రుచి చూశాకే పెట్టనిచ్చేవారు. ఆవిడకున్న జబ్బు ఒక్కటే. ఏ శిక్షణా శిబిరానికి వెళ్లొచ్చినా ఆ మర్నాడు బడి మొత్తం దాన్ని అనుభవించాల్సి వచ్చేది. యోగా శిబిరానికి వెళ్లొస్తే మేమంతా వరండాలో శవాసనం వేశాం.

ఆ ఏడాది ఆవిడ పర్యావరణ శిబిరానికి వెళ్లారు. అక్కడ పాల్గొన్నవాళ్లందరికీ ప్లాస్టిక్ ఫోల్డరు, ప్లాస్టిక్ పెన్ను, ప్లాస్టిక్ డబ్బాలో బిర్యానీ ఇచ్చి, ప్లాస్టిక్ ఎంత ప్రమాదమో తెర మీద చూపించారట. తిరిగొచ్చి స్టాఫ్ మీటింగు పెట్టారు.

"మనం ఒక తిమింగలం చేస్తున్నాం" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"వేస్ట్ ప్లాస్టిక్ బాటిల్స్‌తో. మన గ్రౌండ్‌లో. సిటీలో ఏ స్కూల్లోనూ లేనంత పెద్దది. సముద్రంలో ప్లాస్టిక్ ఎంత ఉందో పిల్లలకు విజువల్‌గా తెలియాలి. సుగుణ గారూ, మీరు ఆ సైడు వాళ్లు కదా, మీరే ఇన్‌ఛార్జి."

"మేడం, బందర్లో తిమింగలాలు ఉండవండి. రొయ్యలుంటాయి" అన్నాను.

"రొయ్యను చేస్తే ఎవరు చూస్తారండీ?" అన్నారు. అది నిజమే. ఒప్పుకున్నాను.

పిల్లలు ఇంటి నుంచి ఖాళీ బాటిళ్లు తేవాలి. ఎవరు ఎక్కువ తెస్తే వాళ్లకు "సముద్ర రక్షకుడు" అని బహుమతి. లెక్క తెలియడానికి ప్రతి బాటిల్ మీదా పిల్లల పేరు, తరగతి చెరిగిపోని మార్కరుతో రాయాలి. తేవాల్సింది చెత్త. చెత్తకు పోటీ పెడితే ఏమవుతుందో ఆ గదిలో ఇంతమంది చదువుకున్నవాళ్లం కూర్చుని ఒక్కరమూ ఆలోచించలేదు. సమోసాలు వచ్చాయి, మీటింగు అయిపోయింది.

చెత్త కొనుక్కొచ్చిన రోజులు

మొదటి రెండు రోజులు బాటిళ్లు బాగానే వచ్చాయి. తర్వాత ఇళ్లలో చెత్త అయిపోయింది. పోటీ అయిపోలేదు.

నా తరగతిలో ఆదిత్య అనే పిల్లాడు ఉండేవాడు. చురుకైనవాడు, కొంచెం గొప్పలు చెప్పుకునే రకం. వాళ్ల నాన్న క్యాంపస్‌లోనే ప్రొఫెసరు, పర్యావరణం మీద ఎక్కడ సభ జరిగినా ఆయన ఉంటారు. ఒక ఉదయం వాళ్ల కారు డిక్కీ తెరిస్తే దాన్నిండా బాటిళ్లు. తళతళలాడుతున్నాయి. మూతలు బిగించి ఉన్నాయి, లోపల ఇంకా నీటి చుక్కలు.

"ఇన్ని ఎక్కడివిరా?" అన్నాను.

"డాడీ కార్టన్లు తెచ్చాడు టీచర్. నేను, మమ్మీ రాత్రంతా నీళ్లు పారబోసినం. సింకు నిండిపోతే బాత్‌రూంలో పారబోసినం!"

"మంచి నీళ్లా?"

"మినరల్ వాటర్!" అన్నాడు గర్వంగా.

ఆ వేసవి చివర్లో తార్నాకలో నీళ్ల ట్యాంకరు కోసం జనం బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వరసలోనే రేణుక వాళ్లమ్మా నిలబడింది. అదే వారం క్వార్టర్లలో సముద్రాన్ని కాపాడ్డానికి బాత్‌రూముల్లో తాగేనీళ్లు పారబోశారు. ఆదిత్య వాళ్లను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "టీచర్, బాటిల్స్ హోల్‌సేల్‌లో ఎక్కడ దొరుకుతాయి? నీళ్లు లేకుండా ఇస్తారా?" అని అడిగింది.

మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను. "మేడం, పిల్లలు కొత్తవి కొనుక్కొస్తున్నారు. మనం ప్లాస్టిక్ తగ్గించట్లేదు, అమ్మిస్తున్నాం."

ఆవిడ కిటికీలోంచి గ్రౌండ్‌లో పేరుకున్న బాటిళ్ల గుట్టను చూస్తున్నారు. "చూడండి సుగుణ గారూ, పేరెంట్స్‌లో ఎంత ఇన్వాల్వ్‌మెంట్ వచ్చిందో!" అన్నారు.

రేణుక ఒక్క బాటిలూ తేలేదు. ఎందుకు తేలేదని లెక్క చూసే రోజు అందరి ముందూ మేడమే అడిగారు.

"మా ఇంట్ల ఖాళీ బాటిల్ ఉండదు మేడం" అంది రేణుక. "ఉన్నదాంట్ల అమ్మ నూనె పోస్తది. ఒకదాంట్ల పప్పు. పల్గినయి పాత సామాన్ల కబాడోనికి ఇస్తం."

"అంటే నీకు సముద్రం మీద ప్రేమ లేదన్నమాట" అన్నారు మేడం. నవ్వుతూనే అన్నారు. పక్కనున్న టీచరు బాటిళ్ల లెక్క రాసే చార్టులో రేణుక పేరు ఎదురుగా సున్న వేసింది. పిల్లలు నవ్వారు. ఆదిత్య అందరికన్నా గట్టిగా నవ్వాడు.

రేణుక ఆ సున్న వైపు చాలాసేపు చూసింది. బడి మొత్తంలో ప్లాస్టిక్ పారేయని ఇల్లు వాళ్లది. ప్లాస్టిక్ గురించి తక్కువ తెలిసిన పిల్లగా చార్టెక్కింది. ఆ చార్టును మేము ఆఫీసు బయట అంటించాం.

సభ

తిమింగలం తయారైంది. ఇనప తీగలతో చట్రం కట్టించి, దాని మీద బాటిళ్లు గుచ్చాం. కళ్లకు రెండు నీలం బకెట్లు. తల మరీ పెద్దదైంది, గేటు దగ్గర నిలబడితే నోరు తెరుచుకుని మనల్నే చూస్తున్నట్టు ఉండేది. చుట్టూ అలల కోసం నీలం ప్లాస్టిక్ షీటు, థర్మాకోల్ చేపలు. వెనక "ప్లాస్టిక్‌కు వీడ్కోలు" అని గోడంత ఫ్లెక్సీ. అది కూడా ప్లాస్టికే కదా అని నేను అనబోతే డ్రిల్ మాస్టారు కళ్లతోనే వద్దన్నాడు.

ముఖ్య అతిథి ఆదిత్య వాళ్ల నాన్నే. ఆయనకు మెరిసే కాగితం చుట్టిన బొకే ఇచ్చారు. చక్కగా మాట్లాడారు. మహాసముద్రాలు మన తల్లులన్నారు, వచ్చే తరాలు మనల్ని క్షమించవన్నారు. మధ్యలో గొంతు ఆరిపోయి టేబుల్ మీది బాటిల్ మూత తిప్పి తాగారు. సభలో ఒక్కరూ నవ్వలేదు. అందరి ముందూ అవే బాటిళ్లు ఉన్నాయి.

పిల్లలు చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు. ఆదిత్యకు బహుమతి వచ్చింది. ప్లాస్టిక్ కప్పు, బంగారు రంగుది. రేణుక వెనక వరసలో నిలబడి, చెయ్యి చాపి, పెదాలు మాత్రం కదపలేదు. నేను చూశాను. నాకూ ఆ ప్రతిజ్ఞ నోటికి రాలేదు.

పత్రికల్లో ఫొటో వచ్చింది. మేడం వారం రోజులు నేల మీద నడవలేదు.

తర్వాత తిమింగలం ఎటు పోయింది

ఎండకు బాటిళ్లు పసుపెక్కాయి. లోపల మిగిలిన నీళ్లలో దోమలు చేరాయి. క్వార్టర్ల వాళ్లు ఫిర్యాదు చేశారు. మేడం అటెండరు నర్సింలును పిలిచి తీసేయించమన్నారు.

"మున్సిపాలిటీ బండోడు తీస్కపోనన్నడు మేడం" అన్నాడు నర్సింలు. "తీగలు చుట్టి ఉన్నయట. తీగలు ఇప్పి ఇస్తె తీస్కపోతడంట. ఇప్పాలంటె మనుషులు గావాలె."

"ఇప్పుడు మనుషులెక్కడ దొరుకుతారు? ముందు కనపడకుండా చెయ్యి. వెనక గోడ అవతల పెట్టించు, తర్వాత చూద్దాం."

వెనక గోడకు అవతల నాలా. ఉద్యోగంలో చేరేవాళ్లు గుర్తుపెట్టుకోండి, బళ్లలో 'తర్వాత చూద్దాం' అంటే ఎవరూ చూడరని అర్థం. నర్సింలు మరో నలుగుర్ని పట్టుకొచ్చి దాన్ని ముక్కలుగా చేసి గోడ దాటించాడు. పిల్లలు వరండాలోంచి చేతులూపుతూ "బై బై" చెప్పారు.

శ్రావణంలో ఒక సాయంత్రం వాన మొదలై తెల్లారేదాకా కురిసింది. హైదరాబాదు వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. నాలా నిండా మా బాటిళ్లే ఉన్నాయని నేను అనను. ఊరి చెత్తంతా అందులో ఉంది, పరుపులు, బొంతలు, ఒక విరిగిన సోఫా కూడా ఉందట. కానీ బస్తీ దారి కిందున్న కల్వర్టు నోటికి అడ్డంపడ్డది మాత్రం తిమింగలం తల. తీగల చట్రం సరిగ్గా అందులో ఇరుక్కుంది. వెనక వచ్చిందంతా దానికి తట్టుకుంది. నీళ్లు దారి మీదికెక్కి, దారి మీంచి ఇళ్లలోకి వెళ్లాయి.

మర్నాడు బడికి సెలవు. ఆ మర్నాడు యాదమ్మ వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద, చంకలో బియ్యం సంచి, పక్కన రేణుక. నన్నూ మేడం గదిలోకి పిలిచారు.

తప్పెవరిదో మేడం ముందే తేల్చేశారు. "చూడమ్మా, చాలా బాధాకరం. కానీ బస్తీవాళ్లు చెత్తంతా నాలాలో వేస్తే ఇలాగే అవుతుంది. మేం పిల్లలకు నేర్పేది అదే. ఇంటికొచ్చి మీకు చెప్పమని కూడా చెబుతాం."

యాదమ్మ సంచి విప్పి బోర్లించింది. మేడం టేబుల్ మీద, ఫైళ్ల మీద, కింద తివాచీ మీద బాటిళ్లు దొర్లాయి. బురద పట్టి ఉన్నాయి. మార్కరు రాత మాత్రం చెరగలేదు.

"సదువు బిడ్డా" అంది.

రేణుక ఒక బాటిల్ తీసి గౌను అంచుతో తుడిచింది. తరగతిలో పాఠం చదివినట్టే, గొంతు పెంచి చదివింది.

"ఆదిత్య, మూడో తరగతి."

ఇంకోటి తీసింది. "శ్రీనిధి, నాలుగో తరగతి."

ఇంకోటి. "ఆదిత్య, మూడో తరగతి. ఆదిత్య, మూడో తరగతి. ఇది కూడ ఆదిత్యదే టీచర్."

"చాలమ్మా" అన్నారు మేడం.

"ఇంకా ఇంట్ల శానున్నయి మేడం" అంది యాదమ్మ. "పొయ్యి మీదికెక్కినయి. మంచం కింద చేరినయి. నేను రాత్రంత పిల్లనెత్తుకోని స్టూలు మీద కూసున్న. బియ్యం తడిసినయి, దాని పుస్తకాలు తడిసినయి. పొద్దుగాల ఈ పోరి ఒక్కొక్కటి తుడిచి నాకు పేర్లు సదివి సెప్తున్నది. అప్పుడు తెల్సింది ఇవి యాడికెళ్లి వచ్చినయో."

మేడం గొంతు సర్దుకున్నారు. "మీ అమ్మాయి కూడా ఈ బడి పిల్లే కదమ్మా. ఇది అందరి బాధ్యత..."

"అందరిది గాదు" అంది యాదమ్మ. అరవలేదు. "ఈ బాటిళ్ల మీద మా రేణుక పేరు యాడ లేదు. ఎట్లుంటది? మీరే గద సున్న ఏసిన్రు."

నా ఉద్యోగంలో చాలామంది పై అధికారులు వచ్చారు, చాలా ఉపన్యాసాలు విన్నాను. ఆ మాటకు సరితూగే జవాబు ఏ ఒక్కరి దగ్గరా ఉండేది కాదు. మేడం నా వైపు తిరిగి, "సుగుణ గారూ, దీన్ని క్లాస్ లెవెల్లో సెటిల్ చేయండి" అన్నారు.

క్లాస్ లెవెల్లో

చేశాను. మర్నాడు నా తరగతి మొత్తాన్ని వరసగా నిలబెట్టి గేటు దాటించి, గోడ చుట్టూ తిప్పి కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లాను. అనుమతి అడగలేదు. క్లాస్ లెవెల్లో అన్నారు కాబట్టి క్లాసునే తీసుకెళ్లానని తర్వాత చెప్పుకోవచ్చనుకున్నాను. చెప్పుకున్నాను కూడా.

మున్సిపాలిటీ మనుషులు కొక్కేలు వేసి చట్రాన్ని లాగుతున్నారు. ఒక నీలం బకెట్ కన్ను ఇంకా ఊడలేదు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "తిమింగలం!" అని ఒకడు అరిచాడు. ఎవరూ చేతులూపలేదు.

రేణుక మాకు తన ఇల్లు చూపించింది. గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఆదిత్య మోకాళ్ల పైదాకా ఉంది. గుమ్మం ముందు తడిసిన పుస్తకాలు ఎండలో పరిచి ఉన్నాయి. పేజీలు అప్పడాల్లా ఉబ్బాయి. వాటి పక్కనే, ఒక మూలకు ఊడ్చిన బాటిళ్ల కుప్ప. ఆదిత్య దాని ముందు వంగి చూశాడు. తన పేరు తన చేతిరాతలోనే ఉంది.

"ఇవి మావి" అన్నాడు మెల్లగా.

"తెలుసు" అంది రేణుక.

"వీటిని ఇక్కడ పెట్టలేదు మేము."

"మేం కూడ పెట్టలేదు."

వాడు నా వైపు చూశాడు, టీచరు ఏదో ఒకటి చెప్పి తనను తప్పిస్తుందని. నేను చెప్పలేదు. ఇదిగో, కొత్తవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. పిల్లలకు కష్టంగా ఉన్నప్పుడు మనం వెంటనే ఒక మంచిమాట పడేస్తాం, ప్రశ్న మాయమైపోతుంది. కొంచెంసేపు నోరు మూసుకుని నిలబడటం ఏ శిక్షణలోనూ నేర్పరు.

చాలాసేపటికి వాడు, "ఇప్పుడు ఇవి సముద్రంలోకి పోతాయా టీచర్?" అని అడిగాడు.

గదికి తిరిగొచ్చాక బోర్డు మీద గీశాను. మన గోడ. వెనక నాలా. నాలా వెళ్లి మూసీలో కలుస్తుంది. మూసీ వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ మా ఊరి వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అన్నేళ్లుగా ఆ పాఠం చెబుతూ సముద్రాన్ని బోర్డు మీద ఒక చివర, బడిని ఇంకో చివర పెట్టి ఊరుకునేదాన్ని. మధ్యలో రేణుక ఇల్లు ఉంటుందని పుస్తకం రాసినవాళ్లకూ తోచినట్టు లేదు. ఆ రోజు రేణుకే లేచి వచ్చి, సుద్దముక్క తీసుకుని, నాలా పక్కన ఒక చిన్న డబ్బా గీసింది. "ఇది మాది" అంది. ఎవరూ ఏడవలేదు. అందరూ నోట్సులో దించుకున్నారు, డబ్బాతో సహా.

ప్రొఫెసరు గారి బాధ

రెండు రోజుల తర్వాత ఆదిత్య వాళ్ల నాన్న వచ్చారు.

"టీచర్, మావాడు సరిగా తినట్లేదు. నీళ్లెందుకు పారబోశావు డాడీ అని నన్ను నిలదీస్తున్నాడు. చిన్నపిల్లల మనసులో గిల్ట్ పెట్టడం మంచిది కాదండీ."

"తాబేలు చచ్చిపోయిందని ఏడ్చినప్పుడు సెన్సిటివ్ పిల్లాడని మీరే అన్నారు సార్."

"అది వేరు."

"ఎలా వేరు సార్?"

"అది... అవేర్‌నెస్" అన్నారు.

"మరి ఇది?"

కానీ ఆ మనిషి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆయన వెళ్లి క్యాంపస్ ఇంజినీరింగు వాళ్లకు ఫోన్ చేశారు. ఆ కల్వర్టుకు ఇనప జాలీ పెట్టించారు. బస్తీవాళ్లు ఏళ్లుగా అడుగుతున్న పని అది, ఆయన ఒక్క ఫోన్‌తో అయింది. అది చూసి నాకు సంతోషమూ కలిగింది, ఒళ్లూ మండింది. ఆ తిమింగలం ఫొటోను ఆయన తన ప్రసంగాల్లో ఇప్పటికీ చూపిస్తారని విన్నాను. తర్వాత ఏమైందో ఆ ఫొటోలో ఉండదు.

ఆదిత్య తన పాఠ్యపుస్తకాలు రేణుకకు ఇచ్చేశాడు. వాళ్లమ్మ వాడికి కొత్తవి కొంది. సున్న వేసిన చార్టును ఎవరు చించేశారో మాత్రం తేలలేదు. మేడం అడిగితే నర్సింలు, "వానకు తడిసింది మేడం" అన్నాడు. అది వరండాలో, రేకుల కింద ఉంది. మేడం ఇంకేమీ అడగలేదు. పైకి పంపిన నివేదికలో మా కల్వర్టు యాత్రను "విద్యార్థుల క్షేత్ర పర్యటన" అని రాసుకున్నారు. నాకు మెమో ఇస్తారనుకుంటే ప్రశంసాపత్రం వచ్చింది.

సొంత మాటల్లో

అర్ధసంవత్సర పరీక్షలో తెలుగు పేపరులో ఒక ప్రశ్న వచ్చింది. 'ప్లాస్టిక్ సముద్రంలోకి ఎలా చేరుతుంది? మీ సొంత మాటల్లో రాయండి.' సొంత మాటల్లో అని అడిగి, సరైన జవాబు ఏమిటో విడిగా మాకు ఒక కాగితం పంపారు. 'ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల' అని అందులో ఉంది. ముందు బెంచీల వాళ్లందరూ దాదాపు అదే రాశారు. ఆదిత్య 'కార్టన్ల వల్ల' అని రాసి కొట్టేసి, మళ్లీ 'అవగాహన' అని రాశాడు. ఆ కొట్టివేత చూసి నాకు జాలేసింది.

రేణుక రెండే వాక్యాలు రాసింది. 'బడికెళ్లి మా ఇంట్లకు వస్తది. మా ఇంట్లకెళ్లి సముద్రంలకు పోతది.'

నేను పూర్తి మార్కులు వేశాను. పేపర్లు మళ్లీ చూసే టీచరు మా వైపు ఆవిడే, గుంటూరు మనిషి. ఎర్ర సిరాతో కొట్టేసి నా దగ్గరికి తెచ్చింది.

"ఇదేంటండీ, బడికి వెళ్లి ఇంటికొస్తుందట, ఇంట్లోకి వెళ్లి సముద్రానికి పోతుందట. ప్లాస్టిక్ బడికి వెళ్లడమేంటి? అర్థం లేదు, భాషా లేదు. మీరు ఎలా వేశారు మార్కులు?"

"ఇక్కడివాళ్లు 'కెళ్లి' అంటే 'నుంచి' అని" అన్నాను. "బడి నుంచి వాళ్లింటికి. వాళ్లింటి నుంచి సముద్రానికి."

ఆవిడ మళ్లీ చదువుకుంది. కొంచెం తగ్గింది. "అలాగైతే అర్థం సరే. మరి వాళ్ల ఇంట్లోకి వెళ్లి అనే అర్థం కూడా వస్తుంది కదండీ?"

"వెళ్లింది కదమ్మా" అన్నాను.